గట్టు కింది ఊళ్లు

పార్వతీపురం దాటి కొమరాడ మీదుగా రాయగడ వెళ్లే దారికి నాగావళి ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. ఒక మలుపులో కనిపించి ఇంకో మలుపులో కొండ చాటుకు పోతుంది. కలహండి కొండల్లో పుట్టిన ఈ నది మొత్తం పొడవు 256 కిలోమీటర్లు. అందులో 161 కిలోమీటర్లు ఒడిశాలోనే గడిచిపోతుంది. మన్యం, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు మిగిలేది చివరి భాగం. అంటే వాన అక్కడ, వరద ఇక్కడ. శ్రీకాకుళం వంతెన మీద నిలబడి ఎర్రనీళ్లు చూసేవాళ్లకు ఆ నీళ్లు ఏ కొండ మీద కురిశాయో, ఏ గెడ్డలో దిగాయో, దారిలో ఏ గట్టు వాటిని ఎంతసేపు ఆపిందో తెలియదు. నాకు చూడాలనిపించినవి ఆ గట్లే. పెద్ద ప్రాజెక్టుల ఫొటోలు క్యాలెండర్లలో వస్తాయి. గెడ్డకు అడ్డంగా పోసిన చిన్న మట్టికట్ట ఎలా ఉందో అడిగేవాళ్లు ఉండరు. అందుకే తొలకరి పడి, ఇంకా పెద్ద వానలు మొదలవని రోజుల్లో రాయగడ, కొరాపుట్ మీదుగా జయపురం దాకా బయలుదేరాను.

ఈ రెండు జిల్లాల్లో కురిసిన వాన దాదాపు అంతా చివరికి తెలుగు నేలకే చేరుతుంది. రాయగడ వైపు పడినది నాగావళి, వంశధారల్లో కలిసి శ్రీకాకుళం తీరానికి వస్తుంది. జయపురం వైపు పడినది కొలాబులో దిగుతుంది. ఆ కొలాబే కిందికి వచ్చేసరికి శబరి అయి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మాచ్‌ఖండ్ నీళ్లు సీలేరుగా మారి అదే శబరిలో పడతాయి. కాబట్టి కొరాపుట్ కొండల్లో ఉన్న గట్టు బాగుందా లేదా అన్నది ఒడిశావాళ్లు మాత్రమే పట్టించుకోవలసిన విషయం కాదు.

కొమరాడ మండలంలో రాజ్యలక్ష్మీపురం దగ్గర ఆగాం. జంఝావతి మీద రబ్బరు డ్యాం ఉన్నది ఇక్కడే. 1970లలో మొదలైన జంఝావతి ప్రాజెక్టు, పైన ఒడిశాలో ముంపు సమస్య తేలక దశాబ్దాలపాటు నిలిచిపోయింది. పూర్తి ఎత్తున నీళ్లు ఆపితే పక్క రాష్ట్రం ఊళ్లు మునుగుతాయి. ఆపకపోతే కట్టిన కాలువలకు పనుండదు. ఆ చిక్కుకు మధ్యేమార్గంగా వచ్చింది రబ్బరు డ్యాం. 2006 జనవరి 1న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి దీన్ని ప్రారంభించారు. కాంక్రీటు దిమ్మె మీద బిగించిన పెద్ద రబ్బరు తిత్తి ఇది. లోపలికి ఒత్తిడి ఎక్కిస్తే ఉబ్బి నదికి అడ్డం లేస్తుంది. వరద వచ్చిందంటే లోపలున్నది వదిలేస్తారు, తిత్తి దిమ్మెకు అతుక్కుపోతుంది, వరద దాని మీదుగా వెళ్లిపోతుంది. ముంపు ఊళ్ల మీదికి నీరు ఎగదన్నదు.

ఆ ఒడ్డున నిలబడితే చిన్న డ్యాం గురించి మొదటి పాఠం తెలిసిపోతుంది. నీళ్లు ఆపడం ఒక పని, వరదను సమయానికి దాటించడం ఇంకో పని. రెండో పని చేతకాని కట్టడం మొదటి పని ఎంత బాగా చేసినా ఏదో ఒక రాత్రి ఊళ్ల మీద పడుతుంది. ఇక్కడ ఆ దాటించే పని ఒక రబ్బరు పొర మీద, దాన్ని నింపి దింపే పంపుల మీద, ఆ పంపు దగ్గర ఉండే మనిషి మీద ఆధారపడి ఉంది. పొరను కొట్టుకొచ్చిన దుంగ చీల్చవచ్చు, ఎండకు పెళుసుబారవచ్చు, కరెంటు పోవచ్చు. అవన్నీ జరగకుండా చూసేది ఏ యంత్రమూ కాదు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనుషులే.

కూనేరు దాటితే ఒడిశా. బోర్డుల మీద లిపి మారింది గాని మాట మారలేదు. రాయగడ బజారులో కూరగాయల బేరం నుంచి బస్సు కండక్టరు కేక దాకా మన ఉత్తరాంధ్ర తెలుగే వినిపిస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు ఇదంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లా. మజ్జిగౌరమ్మ గుడికి విజయనగరం, పార్వతీపురం నుంచి వచ్చే భక్తులకు ఇప్పటికీ ఇది పొరుగూరే. గుడి దగ్గర పూలమ్ముతున్న పెద్దావిడను నాగావళి వరద గురించి అడిగితే వెంటనే 2017 చెప్పింది.

"ఆయేడు సూడాలి బాబూ. రాత్రి పడుకున్నప్పుడు ఏటీ నేదు. తెల్లారేసరికి ఏరు మా ఇంటెనకాల ఉంది."

2017 జూలై 16. కల్యాణసింగుపురం పరిసరాల్లో కుంభవృష్టి పడింది. నాగావళి, కల్యాణి ఒక్కసారిగా పొంగాయి. తెరువలి, సింగపురం రోడ్డు స్టేషన్ల మధ్య రైలు వంతెన కూలింది. రోడ్డు వంతెనలు తెగాయి. కల్యాణసింగుపురం వైపు ఊళ్లకు దారి లేకుండా పోయింది. అది పెద్ద డ్యాం తెగి వచ్చిన వరద కాదు. కొండవాలు మీద పడిన వాన ఆపేవాడు లేక, ఇంకే చోటు లేక, అన్ని గెడ్డల నుంచి ఒకే సమయంలో నదిలోకి దూకింది. కొండల్లో వరద తీరే అంత. కోస్తాలో వరద వస్తుందని రెండు రోజుల ముందే తెలుస్తుంది. ఇక్కడ గంటల్లో వచ్చి గంటల్లో పోతుంది. ఆ కొద్ది గంటల నీటిని ఎక్కడికక్కడ కాస్త నిలబెట్టి మెల్లగా వదలడానికే కొండ కింద చిన్న కట్టలు. ఒక్కొక్కటి ఆపేది కొంచెమే. కాని పది గెడ్డల వరదలు ఒకే గంటలో నదికి చేరకుండా వేర్వేరు గంటల్లో చేరితే కిందనున్న వంతెనకు ఆ తేడా చాలు.

వరద ఆపే కట్టకు, సాగునీటి కట్టకు ఒక తగవు ఉంది. వరద ఆపాలంటే వాన రాకముందు చెరువులో ఖాళీ ఉండాలి. సాగుకు కావాలంటే చెరువు నిండుగా ఉండాలి. చిన్న కట్టలు ఈ రెండు పనులూ చేస్తాయి కాబట్టి ఆ తగవు ఊళ్లోనే తీరాలి. రెండో పంటకు నీళ్లు చాలవని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చి అడుగో అడుగున్నరో ఎత్తు పెంచడం మన జిల్లాల్లోనూ మామూలే. పెరిగిన అడుగు నీళ్లను రైతు చూస్తాడు. అలుగుకు, గట్టు తలకు మధ్య వరద కోసం వదిలిన ఖాళీలో అదే అడుగు తగ్గిందని చూడడు. అలుగు దాటించలేని వరద గట్టెక్కుతుంది. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లడం మొదలైతే వెనక వాలు కోసుకుపోయి గండి పడడానికి పూట కూడా పట్టదు.

రాయగడ నుంచి లక్ష్మీపురం మీదుగా కొరాపుట్ వెళ్లే దారి కొండల్లోకి ఎక్కుతుంది. ఒక పక్క చోడి చేలు, జీలుగు చెట్లు, ఇంకో పక్క లోయ. ఈ లోయల్లో చూడవలసినవి జోలా పొలాలు. కొండల మధ్య పారే గెడ్డనే మెట్లు మెట్లుగా వరిమడులు చేసి, ప్రతి మెట్టుకూ రాళ్లతో, మట్టితో గట్టు పోశారు కోందులు, పరజలు, గదబలు. గెడ్డ నీరు పై మడిలో నిండి, గట్టు ఒక మూల వదిలిన దారి గుండా కింది మడిలోకి దిగుతుంది. అక్కడి నుంచి ఇంకో మడిలోకి. కొండ మీది నుంచి ఉరికి రావలసిన నీరు మడి మడికీ ఆగి, మట్టి అక్కడే వదిలి, తేటబడి లోయ దిగుతుంది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయాల్లో ఒకటిగా గుర్తించింది. వరి రకాల గురించి, కాలాజీరా బియ్యం సువాసన గురించి అందరూ చెప్తారు. నా కళ్లకు ఈ గట్ల వరస అంతకంటే గొప్పగా కనిపించింది. వరదను ముక్కలు చేసి ముక్కకొక మనిషిని కాపలా పెట్టిన ఏర్పాటు ఇది. మడి ఎవరిదో గట్టు వాళ్లదే. వాన వెలిసిన తెల్లారి పార భుజాన వేసుకుని తన గట్టు చుట్టి వస్తాడు రైతు. ఎక్కడ జారిందో అక్కడ అప్పుడే మట్టి వేస్తాడు.

ఆ తర్వాత కొంత దూరం పోయాక రోడ్డుకు ఎడమ పక్కన ఒక చిన్న మట్టికట్ట కనిపించింది. రెండు గుట్టల మధ్య గెడ్డకు అడ్డంగా పోసినది. ఎత్తు నాలుగు నిలువులకు మించదు. కింద నలభై, యాభై ఇళ్ల ఊరు. మాతో వచ్చిన డ్రైవరు రాయగడ మనిషి, ఇక్కడి ఒడియా యాస దేశియా బాగా మాట్లాడతాడు. కట్ట దగ్గర మేకలు కాస్తున్న ముసలాయన్ని పలకరించి, మమ్మల్ని కట్ట మీదికి తీసుకెళ్లమన్నాడు. ఆయన ముందు, మేము వెనక. ఏం చూడాలో మేము అడగకుండానే ఆయన ఒక్కొక్క చోట ఆగి చూపించుకుంటూ పోయాడు.

మొదట ఆగింది కట్ట నడుమ, ఎడ్లబండ్లు దాటే చోట. అక్కడ కట్ట తల జానెడు కుంగి ఉంది. చూడ్డానికి ఏమంత కాదు. కాని నీరు గట్టెక్కిందంటే మొదట పొర్లేది ఆ జానెడు పల్లంలోనే. కట్ట మొత్తం మీద పలచగా పారవలసిన నీరంతా ఒక్కచోట చేరి అక్కడే కోస్తుంది. రెండు ట్రాక్టర్ల మట్టి పోసి దిమ్మిస్తే తీరే లోపం.

తర్వాత లోపలి వాలు. రాతి తాపడంలో రాళ్లు చాలాచోట్ల లేచిపోయాయి, కొన్ని ఇళ్ల పునాదులకు పోయాయట. రాయి లేనిచోట అల మట్టిని కొద్దికొద్దిగా నాకేసి చిన్న మెట్టు చేసింది. వెనక వాలు మీద రెండు పెద్ద చెట్లు. నీడ బాగుంది. కాని చెట్టు వేరు కట్టలోకి దిగితే, చెట్టు చచ్చాక వేరు కుళ్లి ఆ దారంతా గొట్టమవుతుంది. పందికొక్కు బొరియలు, చెదపుట్టలు కూడా అంతే. కట్ట మీద గడ్డి మంచిది, చెట్టు చెడ్డది. మొక్కగా ఉన్నప్పుడే పీకేస్తే పోయేది. మానైన తర్వాత నరికి ఊరుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మొదలుతో సహా తవ్వి, ఆ గోతిని మంచి మట్టితో పొరలు పొరలుగా దిమ్మించాలి.

ముసలాయన ఎక్కువసేపు నిలబడింది కట్ట వెనక అడుగున, మదుముకు పది గజాల అవతల. అక్కడ నేల ఎప్పుడూ చిత్తడిగా ఉంటుందట. వంగి చూస్తే అరచేయంత మడుగు, దాని అడుగు నుంచి సన్నగా ఊట. ఆయన దోసిట్లో నీళ్లు తీసుకుని వెలుతురుకు ఎత్తి చూపాడు. తేటగా ఉన్నాయి. డ్రైవరు ఆయన మాట తెలుగులో చెప్పాడు: "రోజూ ఇలాగే సూస్తాడటండి. తేట నీరైతే బయం నేదట. మట్టి రంగు తిరిగిన రోజు ఊరంతా లెగాలట."

ఇంజినీరింగు పుస్తకాలు పైపింగ్ అనే పేరుతో చెప్పేది సరిగ్గా ఇదే. ప్రతి మట్టికట్టలోంచీ కొంత ఊట ఉంటుంది, అది తప్పు కాదు. ఊట మట్టి రేణువులను మోసుకురావడం మొదలుపెడితే కట్ట లోపల సొరంగం తయారవుతున్నట్టు. పైకి కట్ట చెక్కు చెదరకుండా ఉంటుంది, లోపల డొల్ల అవుతుంది. పుండు పైన మాని లోపల చీము పట్టినట్టే. ఇంకో సంగతి కూడా చాలామందికి తెలియదు. ఊట కనిపించగానే అక్కడ బంకమట్టి కొట్టి మూసేయాలనిపిస్తుంది. మూస్తే నీరు ఆగదు, ఇంకో చోట ఇంకా బలంగా తన్నుకొస్తుంది. చేయవలసింది నీటిని రానిచ్చి మట్టిని ఆపడం. ఊట మీద ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ మీద పెద్ద రాయి పొరలుగా వేయాలి. చుట్టూ ఇసుక బస్తాలతో బావి గట్టులా కట్టి నీటిమట్టం కాస్త పైకి రానివ్వాలి. ఈ పనికి కావలసిన ఇసుక, కంకర వానాకాలానికి ముందే కట్ట దగ్గర కుప్పగా ఉండాలి. అర్ధరాత్రి వానలో లారీ రాదు.

చివరికి అలుగు. కట్ట ఎంత గట్టిదైనా ప్రాణం అలుగులోనే ఉంది. ఇక్కడ అలుగుకు అడ్డంగా వెదురు తడికె, దాని మీద చేపల వల కట్టి ఉన్నాయి. చెరువు చేపల పాటదారుది. పిల్ల చేపలు కిందికి కొట్టుకుపోకుండా కట్టుకున్నాడు. తొలకరికే ఆ తడికెను ఆకులు, పుల్లలు సగం కప్పేశాయి. పెద్ద వానకు అది గోడ అవుతుంది. మదుము షట్టరు తిప్పే స్క్రూ తుప్పుపట్టి చేతికి కదలలేదు. ఒకప్పుడు దీన్ని చూసుకోవడానికి జీతం మీద మనిషి ఉండేవాడని, ఆయన దిగిపోయాక ఇంకెవరూ రాలేదని ముసలాయన చెప్పాడు. ఆయనకు ఎవరూ జీతం ఇవ్వడం లేదు. కట్ట కింద ఇల్లు ఉంది కాబట్టి చూస్తున్నాడు.

అలుగుకు చేపల వల అన్నప్పుడు అమెరికాలోని సౌత్‌ఫోర్క్ డ్యాం గుర్తుకొచ్చింది. కొండ మీద సంపన్నుల క్లబ్బు ఒకటి ఆ పాత మట్టికట్టను కొని విహారానికి వాడుకుంది. చేపలు పోకుండా అలుగుకు జాలీలు బిగించింది. 1889 మే 31న పెద్ద వానకు ఆ జాలీలు చెత్తతో మూసుకుపోయాయి, నీరు కట్ట మీదుగా పొర్లింది, కట్ట తెగింది. కింద జాన్స్‌టౌన్‌లో 2,200 మందికి పైగా చనిపోయారు. 2023 సెప్టెంబరులో లిబియాలో డెర్నా నగరం పైనున్న రెండు కట్టలు వరద ఆపడానికే 1970లలో కట్టినవి. ఎప్పుడో గాని నీరు రాని వాగు కాబట్టి వాటిని మరిచిపోయారు. పగుళ్ల సంగతి తెలుసు, మరమ్మతు జరగలేదు. ఒక నీటి పరిశోధకుడు అంతకుముందు ఏడాదే హెచ్చరిస్తూ వ్యాసం రాశాడు. డేనియల్ తుపాను రాత్రి ఆ రెండూ తెగి వేల మందిని సముద్రంలోకి ఈడ్చుకుపోయాయి. వరద ఆపే కట్టకు ఉన్న పెద్ద ప్రమాదం ఇదే. పదేళ్లు దానికి పని పడకపోవచ్చు. ఆ పదేళ్లలో మనం దాన్ని మరిచిపోతాం.

మన దగ్గరకు వస్తే 2021 నవంబరు 19 తెల్లవారుజామును కడప జిల్లా మరిచిపోలేదు. పైన పింఛా కట్ట తెగింది, ఆ నీరు వచ్చి చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను తెంచింది. ఐదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉంది. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట నిద్రలోనే మునిగాయి. 2024 జూలై 18న భద్రాద్రి జిల్లా అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు కట్ట తెగింది. అక్కడ ఉన్నవి మూడు గేట్లు, వరద వేళకు ఒకటి లేవలేదు. ఆ ప్రాజెక్టు తెలంగాణలో ఉంది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రలో ఉంది. బాగుచేయవలసింది ఎవరన్న మాట రెండు రాష్ట్రాల మధ్య నలుగుతుండగానే గండి పడింది. పంట ఎవరిదైనా ఇసుక మేట వేసింది రెండు వైపులా పొలాల మీద.

పోరుమామిళ్ల చెరువు శాసనం చదివినవాళ్లకు ఇందులో ఆశ్చర్యం లేదు. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించిన ఆ శాసనం చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను వరసగా చెప్తుంది. దోషాల్లో మొదటిది కట్టలోంచి నీరు ఊరడం. ఇంకొకటి రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం. ఊటను ఇంజినీరు కనిపెట్టగలడు. పొలిమేర దోషాన్ని మాత్రం రెండు పక్కల మనుషులు కూర్చుని మాట్లాడుకుంటే తప్ప తీర్చలేరు. ఆరున్నర శతాబ్దాల తర్వాత జంఝావతిలోనూ పెద్దవాగులోనూ కనిపించేది ఆ దోషమే.

అన్నమయ్య కట్ట తెగిన రెండు వారాలకు రాజ్యసభలో డ్యాముల భద్రత బిల్లు గట్టెక్కింది. ఆ డిసెంబరు 30 నుంచి చట్టం అమల్లో ఉంది. మంచి చట్టం. జాతీయ స్థాయిలో ఒక అథారిటీని, ప్రతి రాష్ట్రంలో ఒక భద్రతా సంస్థను ఏర్పాటు చేయమంది. వానలకు ముందొకసారి, వానలయ్యాక ఒకసారి తనిఖీ చేయాలంది. ప్రమాదం వస్తే కింది ఊళ్లను ఎలా ఖాళీ చేయించాలో ముందే పథకం రాసిపెట్టుకోమంది. కాని అది వర్తించేది 15 మీటర్ల కంటే ఎత్తున్న డ్యాములకు. 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తుంటే పొడవో, నిల్వో, వరద పరిమాణమో, పునాది కష్టమో ఫలానా హద్దు దాటాలి. అలాంటివి దేశంలో 6 వేలకు పైగా ఉన్నాయి. ముసలాయన దోసిట్లో నీళ్లు ఎత్తి చూపిన కట్ట ఈ లెక్కలోకి రాదు. ఎత్తు చాలదు. కింద ఇళ్లున్నాయా, ఎందరు పడుకుంటారు, నీరు ఎంతసేపట్లో గుమ్మానికి చేరుతుంది అన్న ప్రశ్నలు ఆ కొలతలో లేవు. నా మట్టుకు నాకు కొలవవలసింది అదే. అడవిలో ఉన్న 20 మీటర్ల డ్యాం కంటే ఊరి నెత్తిన ఉన్న 8 మీటర్ల కట్ట ఎక్కువ ప్రమాదం.

కొరాపుట్ దాటితే ఎగువ కొలాబు జలాశయం. 54 మీటర్లకు పైగా ఎత్తున్న రాతి డ్యాం. దాని నీరు కొండ దిగి జయపురం దగ్గర విద్యుత్కేంద్రంలో 320 మెగావాట్ల కరెంటు తీసి, ఆ తర్వాత బొరిగుమ్మ, కోట్‌పాడ్ వైపు పొలాలకు వెళ్తుంది. ఇక్కడ గేట్లకు రంగు ఉంది, డ్యాం మీద కాపలా ఉంది, నీటిమట్టం రాసే పుస్తకం ఉంది. కొండ మీద చూసిన కట్టకు, దీనికి మధ్య ఎంతో దూరం లేదు. ఒకదానికి చట్టం, ఇంజినీరు, బడ్జెట్. రెండోదానికి మేకలు కాసే ముసలాయన.

ఘాట్ రోడ్డు దిగితే జయపురం మైదానం పచ్చగా పరుచుకుంటుంది. నందపురం నుంచి పదిహేడో శతాబ్దంలో రాజధాని ఇక్కడికి మారింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన విక్రమదేవవర్మ ఏలిన ఊరు ఇదే. రాజవీధి, కోట గోడలు, మెయిన్ రోడ్డు మీద తెలుగు షావుకార్ల దుకాణాలు చూసుకుంటూ జగన్నాథ సాగరం దగ్గరకు వెళ్లాం. రాజుల కాలంనాటి పెద్ద చెరువు. కొండల మీది నుంచి ఏడాదికి దాదాపు 1,500 మిల్లీమీటర్ల వాన దిగే ఊరికి ఇలాంటి చెరువు అలంకారం కాదు. ఊళ్లోకి వచ్చే నీటిని ముందు తనలోకి తీసుకునే కడుపు. ఆ కడుపులో గుర్రపుడెక్క పెరిగినా, చుట్టూ ఇళ్లు ముందుకు జరిగినా, మురుగు కాలువలు చేరినా తగ్గేది అందం ఒక్కటే కాదు, వరదకు ఉన్న చోటు. చెరువు లోపల పూడిన ప్రతి అడుగూ వాన రోజున వీధిలో తేలుతుంది.

చెరువు గట్టు మీద ఒక రిటైర్డు మాస్టారు కలిశారు. రాయగడలో పుట్టి, జయపురంలో ఉద్యోగం చేసి ఇక్కడే స్థిరపడిన తెలుగువారు. నేను చూసి వచ్చిన కట్ట గురించి చెప్తే ఆయన ఒకే ప్రశ్న వేశారు.

"బాబూ, రేపు ఆ కట్ట దగ్గర నీరు మట్టి రంగు తిరిగితే ఆ ముసలాయన ఎవరికి చెప్పాలి?"

నా దగ్గర సమాధానం లేదు. ఆ ఊరి సర్పంచి ఫోను ఆయన దగ్గర ఉండవచ్చు. సర్పంచి ఏ ఇంజినీరుకు చేస్తాడు? ఆ ఇంజినీరు ఎవరికి చేస్తాడు? కింద తోటపల్లి బ్యారేజీ దగ్గర షట్టర్లు చూసేవాళ్లకు ఆ కబురు ఎన్ని చేతులు మారి చేరుతుంది? కట్ట భద్రత అంటే మట్టి, రాయి, ఇనుము మాత్రమే అనుకుంటాం. ఆఖరి గంటలో కట్ట పోయినా మనుషులను కాపాడేది కబురు.

అందుకని నేను కోరేది పెద్ద పథకం కాదు. చట్టం ఎత్తు కొలిచినా కొలవకపోయినా, కింద ఇళ్లున్న ప్రతి చిన్న కట్టకూ పేరు పెట్టి రాసుకున్న జాబితా మండలంలో, బ్లాకులో ఉండాలి. ప్రతి కట్టకూ జీతం ఉన్న ఒక మనిషి ఉండాలి. రాయలసీమలో నీరుగంటి, తెలంగాణలో నీరటి చేసిన పని అదే. చెరువు మరమ్మతుకు దశబంధ ఇనాముగా పొలం రాసిచ్చిన సమాజానికి ఈ పనికి నెల జీతం ఇవ్వడం కొత్త కాదు. మే నెలలోనే అలుగు శుభ్రం కావాలి. చేపల పాట పత్రంలో వానాకాలం వల కట్టరాదన్న షరతు ఉండాలి. షట్టరు స్క్రూకు గ్రీజు పూసి, పైకీ కిందికీ పూర్తిగా తిప్పి చూడాలి. కుంగిన తల సరిచేయాలి, కట్ట మీది మొక్కలు మొక్కలుగానే పోవాలి. ఇసుక, కంకర, ఖాళీ బస్తాలు గట్టున సిద్ధంగా ఉండాలి. కట్ట కింద ఊరి బడి గోడ మీద రెండు ఫోను నంబర్లు పెద్దక్షరాలతో రాసి ఉండాలి, ఒకటి ఒడిశాది, ఒకటి ఆంధ్రది. వాన మొదలైతే ఏ మెరకకు ఎక్కాలో ఊళ్లో చిన్నపిల్లకు కూడా తెలియాలి.

ఇందులో డబ్బు లేక ఆగేది ఏదీ లేదు. ఎవరి పని అన్న దగ్గరే అన్నీ ఆగుతున్నాయి. ఆ ప్రశ్నకు రాయగడ, కొరాపుట్ కలెక్టరేట్లూ మన్యం, శ్రీకాకుళం కలెక్టరేట్లూ వానలకు ముందు ఒక్క పూట కలిసి కూర్చుంటే సమాధానం దొరుకుతుంది. తెగిన తర్వాత జరిగే విచారణకు, నష్టపరిహారానికి పట్టే కాలంలో, ఖర్చులో ఇది ఏ మూలకూ రాదు. తెగకముందు ఈ పని చేయించమని అడగడం నాగావళి నీళ్లు తాగే ప్రతి ఒక్కరి హక్కు, గట్టు కింది ఊళ్లకు మనం బాకీపడిన బాధ్యత.